ఎనిమిది నెలల పాపని రోజూ పొద్దున ఒకే టైముకి లేపాలా, పడుకోనివ్వాలా?

చిన్నితల్లి_అమ్మ (నిజాంపేట, హైదరాబాద్)
ఆదివారం, రాత్రి 11:47

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదువుతూ ఉన్నాను, రాయడం ఇదే మొదలు.

మా పాపకి ఎనిమిది నెలలు. రాత్రి పన్నెండైతే గానీ పడుకోదు. పొద్దున తొమ్మిదిన్నర, ఒక్కోసారి పది దాకా లేవదు. మధ్యలో రెండుసార్లు పాలకి కదులుతుంది, తాగి మళ్ళీ పడుకుంటుంది. పగలు రెండు నిద్రలు: మధ్యాహ్నం ఒక గంటన్నర, మళ్ళీ సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా. మా ఆయనది అమెరికా టైమింగ్స్ ఉద్యోగం. మధ్యాహ్నం రెండుకి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే రాత్రి పదకొండుకి లేస్తారు. ఆయన గదిలోంచి బయటికి రాగానే దీనికి కొత్త ఉత్సాహం వస్తుంది. ఇల్లంతా ఆ లెక్కకే నడుస్తోంది, ఇప్పటిదాకా ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇప్పుడు వచ్చింది. మెటర్నిటీ లీవ్ 26 వారాలూ అయిపోయాయి, దానిమీద పెట్టిన జీతం లేని సెలవూ అయిపోవచ్చింది. పదిహేను రోజుల్లో ఆఫీసుకి వెళ్ళాలి. అక్కడి డే కేర్‌లో ఎనిమిదిన్నరకి దింపాలంటే ఇంట్లో ఎనిమిదికి బయల్దేరాలి.

ఇంట్లో మూడు అభిప్రాయాలు. "నిద్రపోయే బిడ్డని లేపకూడదు, బిడ్డ పెరిగేది నిద్రలోనే" అంటారు అత్తయ్యగారు. ఇప్పట్నుంచే లేపకపోతే ఆఫీసు మొదలైన వారం నరకం చూస్తావని మా అమ్మ. మా ఆయన ఫోన్లో ఏదో యాప్ వేసుకున్నారు, అది రోజూ 7 గంటలకి గంట కొడుతోంది. దానికి మా ఆయనే లేవరు, అది వేరే సంగతి.

లేపితే పాపకి ఏమైనా నష్టమా? లేపాలంటే ఎలా? లేక డే కేర్ మొదలయ్యాక అదే సర్దుకుంటుందా?


మణికొండ_మమ్మీ
ఆదివారం, రాత్రి 11:58

లేపండి. రేపట్నుంచే. మా బాబుని డే కేర్ మొదలైన రోజు మొదటిసారి ఆరున్నరకి లేపాం. వాడు దారంతా ఏడుపు, నేను ఆఫీసు బాత్రూంలో ఏడుపు. కొత్త చోటు, కొత్త ఆయా, అమ్మ కనపడదు, పైగా నిద్ర చాలలేదు. అన్నీ ఒకే రోజు బిడ్డ నెత్తిన పెట్టొద్దు.


గోదావరి_గట్టు (రాజోలు)
సోమవారం, ఉదయం 5:20

అమ్మాయ్, నేను మాట్లాడుతుంటే మా మనవరాలు టైపు చేస్తోంది. తప్పులుంటే దానివి.

మీ అత్తగారు చెప్పింది కొట్టిపారేయకు. మేమూ ఆ మాటే అనేవాళ్ళం. కానీ మా రోజుల్లో తొమ్మిదిన్నర దాకా పడుకునే చంటిపిల్లని నేను చూడలేదు. ఎందుకంటావా? ఎవరూ లేపకుండానే లేచేవాళ్ళు. నాలుగున్నరకి పాలు పిండేవాడు వచ్చేవాడు, గేదె అరిచేది, వాకిట్లో కళ్ళాపి చల్లేవాళ్ళు, తలుపులన్నీ బార్లా తీసేవాళ్ళు. ఎండ మంచం మీదికి వచ్చేది. ఆ చప్పుడులో, ఆ వెలుతురులో ఏ బిడ్డ పడుకుంటుంది? నీళ్ళు పోసే ఆవిడ రోజూ ఒకే వేళకి వచ్చేది. నూనె రాసి, నలుగు పెట్టి, లాల పోసి పాలిచ్చి పడుకోబెడితే మధ్యాహ్నం దాకా దిగుల్లేదు. ఆవిడకి ఇంకో నాలుగిళ్ళు ఉండేవి, మన పిల్ల నిద్ర కోసం ఆగేది కాదు.

ఇప్పుడు మీ ఇళ్ళల్లో ఏసీ గది, మందపాటి కర్టెన్లు, తలుపు వేసి "ష్... పాప పడుకుంది" అంటారు. పొద్దున తొమ్మిదైనా ఆ గదిలో అర్ధరాత్రే. నువ్వు బిడ్డని లేపనక్కర్లేదు, ఆ గదిని లేపు. మిక్సీ వెయ్యి, కుక్కర్ పెట్టు, కిటికీ తెరువు. మీ అత్తగారు కూడా ఏమీ అనరు.


నైట్‌డ్యూటీ_సిస్టర్ (విశాఖపట్నం)
సోమవారం, ఉదయం 7:40

డ్యూటీ దిగి రాస్తున్నాను. రాజోలు అమ్మమ్మగారికి దండం. నేను చెప్పాల్సిందాంట్లో సగం ఆవిడ చెప్పేశారు.

మిగతా సగం వయసు గురించి. ఈ ప్రశ్న రెండు వారాల బిడ్డ తల్లి అడిగితే ఒక జవాబు, ఎనిమిది నెలల బిడ్డ తల్లి అడిగితే ఇంకోటి. ఇక్కడ చదివేవాళ్ళలో పచ్చి బాలింతలు కూడా ఉంటారు కాబట్టి ముందు వాళ్ళకి.

పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ బరువు కొంచెం తగ్గుతుంది, సుమారు రెండు వారాలకి మళ్ళీ పుట్టిన బరువుకి వస్తుంది. అలా వచ్చేదాకా మూడు గంటలు దాటితే పగలైనా రాత్రైనా మేం లేపి పాలు పట్టమంటాం. రోజు మొత్తంలో 8 నుంచి 12 సార్లు పాలు పడాలి. పసిరికలు (పచ్చకామెర్లు) ఉన్న బిడ్డ మరీ మత్తుగా పడుకుంటుంది. పాలు తాగకపోతే పసిరికలు పెరుగుతాయి, పెరిగితే ఇంకా మత్తు. "మా పాప ఎంత బుద్ధిమంతురాలో, ఐదు గంటలు కదల్లేదు" అని మురిసిపోతూ వస్తారు, ఇక్కడ తూస్తే బరువు తగ్గి ఉంటుంది. అలాంటప్పుడు లేపాల్సిందే. చుట్టిన గుడ్డ విప్పండి, డైపర్ మార్చండి, అరికాళ్ళు, వీపు నెమ్మదిగా రుద్దండి, ఒంటికి ఒళ్ళు ఆనించి పెట్టుకోండి. మొహం మీద చన్నీళ్ళు చల్లడాలు, చెవిలో ఊదడాలు వద్దు. బరువు బాగా పెరుగుతోందని డాక్టరు చెప్పాక రాత్రి లేపడం మానెయ్యొచ్చు.

ఆ వయసులో "రోజూ ఏడింటికి" అన్న లెక్క పనికిరాదు. పగలు, రాత్రి అన్న తేడా ఒంటికి తెలియడం రెండు మూడు నెలలకి మొదలవుతుంది. అప్పటిదాకా పగలు వెలుతురు, రాత్రి చీకటి చూపిస్తే చాలు.

చిన్నితల్లి అమ్మగారూ, మీ పాప ఆ దశ దాటిపోయింది. ఆరోగ్యంగా ఉండి, పాలు, ఉగ్గు బాగా తింటుంటే పొద్దున లేపడం వల్ల నష్టం లేదు. అయితే ఒకటి గమనించండి. నిద్ర తగ్గించడానికి లేపుతున్నారా, జరపడానికా? తగ్గించడానికైతే నేను ఒప్పుకోను. 4 నుంచి 11 నెలల పిల్లలకి పగటి కునుకులతో కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.


వరంగల్_డాడీ
సోమవారం, ఉదయం 10:15

సిస్టర్ గారు చెప్పిన లెక్కే మీ పాపకి వేసి చూశాను. రాత్రి పన్నెండు నుంచి తొమ్మిదిన్నర, పాలకి లేచింది తీసేస్తే ఓ తొమ్మిది గంటలు. పగలు మూడు. మొత్తం పన్నెండు. అంచు మీద ఉంది కానీ లోటు లేదు. జరపడమే మిగిలింది.

రేపు ఏడింటికి లేపేసి రాత్రి పన్నెండుకే పడుకోబెడితే ఏమవుతుందో చెప్తాను, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో జరిగేది అదే. రాత్రి రెండున్నర గంటలు తగ్గుతుంది. పాప దాన్ని పగలు లాగేస్తుంది. సాయంత్రం కునుకు ఏడున్నర దాకా సాగుతుంది. లేచాక ఐదు గంటలైనా మెలకువగా ఉంటేనే కదా మళ్ళీ నిద్ర వచ్చేది, అంటే మళ్ళీ పన్నెండున్నర. "లేపినా లాభం లేదు" అని నాలుగో రోజుకి మానేస్తారు.

నిద్ర రెండింటి మీద నడుస్తుంది. అలెగ్జాండర్ బోర్బెలీ అనే నిద్ర పరిశోధకుడు 1982లో చెప్పిన లెక్క ఇది. ఒకటి, మేలుకున్న కొద్దీ పేరుకునే నిద్ర ఒత్తిడి. రెండోది ఒంట్లో గడియారం. సాయంత్రం ఆరున్నర దాకా పడుకున్న పిల్లకి తొమ్మిదికి ఒత్తిడి ఎక్కడుంటుంది? ఆకలి లేనివాడికి విస్తరి వేసినట్టే. కాబట్టి మీరు కొట్టాల్సింది సాయంత్రం కునుకుని. దాన్ని నెమ్మదిగా ముందుకి లాగి నాలుగున్నరకల్లా ముగించండి. అవసరమైతే ఆ కునుకులోంచి లేపండి. పొద్దున లేపడానికి బాధపడేవాళ్ళు సాయంత్రం లేపడానికి ఇంకా బాధపడతారు గానీ, నా లెక్కలో అదే ముఖ్యం.

ఇక గడియారం. మనిషి ఒంట్లో గడియారం సగటున 24 గంటల కంటే కాస్త ఎక్కువే నడుస్తుంది. అందుకే ఆలస్యంగా పడుకోవడం అందరికీ తేలిక, పెందలాడే పడుకోవడం కష్టం. దాన్ని పెందలాడే వైపు తిప్పేది పొద్దుటి వెలుతురు. సాయంత్రం, రాత్రి పడే వెలుతురు ఆలస్యం వైపు తోస్తుంది. రాత్రి పదకొండింటికి ట్యూబ్‌లైట్ కింద ఆటలాడితే గడియారం ఇంకాస్త జరుగుతుంది. ఈ గడియారం లోపల ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ వచ్చింది. వాళ్ళు చూసింది పళ్ళ మీద వాలే చిన్న ఈగల్లో, పిల్లల్లో కాదు.

రోజుకి పావుగంట చొప్పున ముందుకి లేపుకుంటూ వస్తే మీ పదిహేను రోజులు సరిపోతాయి. ఒక రోజు తప్పితే తప్పింది.


మణికొండ_మమ్మీ
సోమవారం, ఉదయం 10:31

ఈగలకి కూడా డే కేర్ ఉందేమో కనుక్కోండి వరంగల్ అన్నా.


నిజామాబాద్_నిర్మల
సోమవారం, మధ్యాహ్నం 1:05

అందరూ ఒకే పాట పాడుతున్నారు గనుక నేను రెండో పక్క మాట్లాడతాను.

పది గంటలకి లేచే పిల్ల ఆరోగ్యంగా ఉంది, బరువు పెరుగుతోంది, నవ్వుతోంది. ఇందులో జబ్బేం ఉంది? పిల్లలు ఏడింటికి లేవాలన్నది ఆఫీసుల రూలు. మా ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీ ఎప్పుడు పడితే అప్పుడే. మా ఇద్దరు పిల్లలూ ఆయన వచ్చేదాకా మేలుకునేవాళ్ళు. రాత్రి పదకొండున్నరకి తండ్రి ఒళ్ళో కూర్చుని ఆయన కంచంలోంచి రెండు మెతుకులు తినేవాళ్ళు. ఆ గంట పోగొట్టుకుని పెందలాడే పడుకోబెడితే ఏం బాగుపడేవాళ్ళు? అంగన్‌వాడీకి పంపే వయసు వచ్చాక వాళ్ళే మారారు.

పాపకి వాళ్ళ నాన్న దొరికేది ఆ రాత్రి పూటే అని రాసిందామె. ఆ సంగతి ఇక్కడ ఒక్కరూ ఎత్తుకోలేదు. పావుగంటలు, నోబెళ్ళు సరే, ఆ పిల్లకి నాన్న ఎప్పుడు?


వరంగల్_డాడీ
సోమవారం, మధ్యాహ్నం 1:40

నిర్మలగారూ, మొత్తం నిద్ర సరిపోతూ, రోజూ ఒకే పద్ధతిలో ఉంటే పదింటికి లేవడం జబ్బు కాదు. నేనూ అనను. ఈమెకి డే కేర్ లేకపోతే ఈ చర్చే అక్కర్లేదు. ఉంది కాబట్టే.

నాన్న సంగతికి నా దగ్గర జవాబు లేదు. మీరు అడిగింది సరైన ప్రశ్న.


చిన్నితల్లి_అమ్మ
సోమవారం, సాయంత్రం 6:50

ఇంతమంది రాస్తారనుకోలేదు. పాప ఇప్పుడే సాయంత్రం నిద్ర లేచింది (వరంగల్ డాడీ గారు తిట్టుకోకండి).

అత్తయ్యగారు ఉండగా డే కేర్ ఎందుకని ఇద్దరు విడిగా మెసేజ్ పెట్టారు. ఊళ్ళో మామయ్యగారు ఒక్కరే ఉన్నారు, షుగరు, మోకాళ్ళ నొప్పులు. ఆవిడ పాప కోసం ఉండిపోయారు. వచ్చే నెల వెళ్ళాలి. రాజోలు అమ్మమ్మగారి మాట ఆవిడకి చదివి వినిపించాను. "ఆ, అదీ మాట" అన్నారు. రేపట్నుంచి ఏడున్నరకి బెడ్‌రూం కిటికీ ఆవిడే తీస్తారట. లేపడం మాత్రం చెయ్యరట.

ఇంకో చిక్కు రాయడం మర్చిపోయాను. పాప ఇంట్లో చీర ఊయలలోనే పడుకుంటుంది. ఊపుతూ ఉండాలి. డే కేర్‌లో ఊయల లేదు, పరుపులే. వాళ్ళు "అలవాటవుతుంది మేడమ్" అంటున్నారు.


నైట్‌డ్యూటీ_సిస్టర్
సోమవారం, రాత్రి 7:30

పొద్దున టైము కంటే నాకు ఊయలే పెద్ద పని అనిపిస్తోంది. ఎనిమిది నెలల పిల్ల లేచి కూర్చుంటుంది, గుడ్డ పట్టుకుని లేస్తుంది. పడిపోయే వయసు. పడుకోవడానికి గట్టిగా, సమతలంగా ఉన్న పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టడమే క్షేమం, చుట్టూ దిండ్లు, బొంతలు, బొమ్మలు లేకుండా. బోర్లాపడే పిల్ల తనంతట తాను తిరిగితే తిరగనివ్వండి.

ముందు రాత్రి నిద్ర పక్క మీదికి మార్చండి, మధ్యాహ్నం ఊయల కొన్నాళ్ళు ఉండనివ్వండి. రెండూ ఒకే రోజు లాగేస్తే పాప గుక్కపట్టి ఏడుస్తుంది, మీ అత్తగారు మూడో నిమిషంలో వచ్చి ఊయలలో వేస్తారు. జోకొట్టండి, పాట పాడండి, ఊపడం తగ్గించండి. తొమ్మిది, పది నెలలకి అమ్మ కనపడకపోతే బెంగపడే దశ కూడా వస్తుంది. పాకడం కొత్తగా వచ్చినప్పుడు నిద్రలో లేచి పాకుతారు. ఒక రాత్రి చెడిందని పద్ధతి మార్చేయకండి.

లేపే క్షణం కూడా చూసుకోండి. పిల్లల నిద్ర విడత పెద్దవాళ్ళ కన్నా పొట్టిది, సుమారు గంటలోపే ఒక చుట్టు తిరుగుతుంది. మూతి కదుపుతూ, కనురెప్పలు అదురుతూ, ఒళ్ళు విరుస్తుంటే తేలిక నిద్ర. అప్పుడు లేపితే నవ్వుతూ లేస్తుంది. చెయ్యెత్తి వదిలితే మెత్తగా పడిపోతోందంటే గాఢ నిద్ర, పది నిమిషాలు ఆగండి. ఏడు అంటే ఏడుగంటల సున్నా నిమిషాలని ఎవరూ అనలేదు.


స్టాక్‌హోమ్_సూర్య
సోమవారం, రాత్రి 11:20

వెలుతురు గురించి మాట వచ్చింది కాబట్టి. మేముండే చోట జూన్‌లో తెల్లవారుజామున మూడున్నరకి సూర్యుడు వస్తాడు, రాత్రి పదికి వెళ్తాడు. డిసెంబరులో పొద్దున ఎనిమిదీ నలభై దాటాక వచ్చి మధ్యాహ్నం మూడు కాకముందే పోతాడు. రాజోలు అమ్మమ్మగారి పద్ధతి ఇక్కడ పెడితే వేసవిలో పిల్లాడు నాలుగింటికి లేచి కూర్చుంటాడు. కూర్చున్నాడు కూడా. అప్పుడు నల్ల కర్టెన్లు వేశాం. చలికాలంలో వెలుతురు లేదు కాబట్టి మేమే గడియారం అయ్యాం: ఏడింటికి గదిలో లైటు, అదే పాట, గంజి. ఎండ సాయం లేనిచోట ఒకే టైముకి లేపడం తప్ప దారి లేదు. హైదరాబాద్‌లో మీకు ఏడాది పొడవునా ఏడు లోపే తెల్లారిపోతుంది, ఉచితంగా.

ఇక్కడ పిల్లల సెలవు తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజులు. పాప ఏడాది దాటాక గానీ బడిలో చేర్చుకోరు. చేర్చాక కూడా మొదట్లో కొన్ని రోజులు అమ్మో నాన్నో పక్కనే కూర్చోవాలి. మీ డే కేర్‌ని అడిగి చూడండి. ఆఫీసు మొదలయ్యే ముందు వారం రోజూ ఒక గంట, తర్వాత రెండు గంటలు పాపతో వెళ్ళి కూర్చుంటామంటే చాలామంది ఒప్పుకుంటారు. పొద్దున లేపడానికి ఒక కారణం కూడా దొరుకుతుంది, ఆటబొమ్మలున్న చోటికి వెళ్తున్నాం కదా.


చిన్నితల్లి_నాన్న
మంగళవారం, రాత్రి 12:52

ఇప్పుడే అకౌంటు తెరిచాను. ఏడింటికి గంట కొట్టినా లేవని మొగుడు నేనే.

నిర్మలక్క రాసింది మా ఆవిడ చూపించింది. నిజంగా నాకు ఉన్నది ఆ రాత్రి గంటే. పదకొండుకి కాల్ అయ్యాక తలుపు తీస్తే పాకుతూ వస్తుంది. దాన్ని తొమ్మిదికి పడుకోబెడితే వారంలో ఐదు రోజులు నేను మా పాపని మెలకువగా చూడను. అందుకే యాప్ వేశాను గానీ గట్టిగా పట్టుబట్టలేదు.


మణికొండ_మమ్మీ
మంగళవారం, ఉదయం 8:05

బావగారూ, మీకు లాగిన్ మధ్యాహ్నం రెండుకి కదా. పొద్దునంతా మీదే. ఏడింటికి పాపని లేపి, లాల పోసి, ఇడ్లీ పెట్టి, ఎనిమిదిన్నరకి డే కేర్‌లో మీరే దింపండి. గంటన్నర వస్తుంది, అదీ పాప హుషారుగా ఉన్నప్పుడు. తిరిగి వచ్చి ఒంటిగంట వరకు పడుకోండి.


నిజామాబాద్_నిర్మల
మంగళవారం, ఉదయం 9:30

రాత్రి ఒంటిగంటకి పడుకున్న మనిషి పొద్దున ఏడింటికి లేచి బండి నడపాలా, పిల్లని ముందు కట్టుకుని? మళ్ళీ వచ్చి పడుకుంటే నిద్ర ఎక్కడ పడుతుంది? డ్రైవరు పెళ్ళాన్ని, ఆ నిద్రమత్తు నాకు తెలుసు. చెప్పడం తేలిక.

డే కేర్‌కి ఎనిమిదిన్నరకే పంపాలని ఏముంది? తండ్రి మధ్యాహ్నం రెండు దాకా ఖాళీగానే ఉంటాడుగా. ఆయన దగ్గర ఉంచి తర్వాత దింపండి.


చిన్నితల్లి_నాన్న
మంగళవారం, ఉదయం 11:10

అడిగానక్కా. పది దాటితే లోపలికి తీసుకోరట, పిల్లల నిద్ర టైమని. పదికి దింపొచ్చు. అంటే నేను ఎనిమిదింపావుకి లేస్తే చాలు. మా ఆవిడ తన టైముకి వెళ్ళిపోతుంది, నేను తొమ్మిదిన్నరకి పాపతో బయల్దేరతాను. కారులోనే, వెనక సీట్లో పిల్లల కుర్చీ ఉంది.


వరంగల్_డాడీ
మంగళవారం, ఉదయం 11:25

అప్పుడు లెక్క మారిపోతుంది! పాప ఏడింటికి లేవక్కర్లేదు, ఎనిమిదికి లేస్తే చాలు. రాత్రి పది, పదింపావుకి పడుకుంటే సరి. తొమ్మిదిన్నర నుంచి ఎనిమిదికి రావడం గంటన్నర జరపడం, వారం పని.


గోదావరి_గట్టు (రాజోలు)
మంగళవారం, సాయంత్రం 5:00

ఇదేదో బాగుంది. బాబూ, నువ్వే లాల పొయ్యి. ఆముదం వద్దులే జారిపోతుంది, నువ్వుల నూనె రాయి. తల తుడిచి సాంబ్రాణి పట్టు. డే కేర్‌కి వెళ్ళగానే పడుకుంటుంది.


నైట్‌డ్యూటీ_సిస్టర్
మంగళవారం, రాత్రి 8:10

అమ్మమ్మగారూ, మీరు చెప్పిన మిగతావన్నీ నెత్తిన పెట్టుకుంటాను, సాంబ్రాణి పొగ ఒక్కటి ఒప్పుకోను. ఆ చిన్న ఊపిరితిత్తులకి ఏ పొగైనా పొగే. తలారబెట్టడానికి మెత్తటి తువ్వాలు చాలు.


గోదావరి_గట్టు (రాజోలు)
మంగళవారం, రాత్రి 8:40

ఆరుగుర్ని ఆ పొగలోనే పెంచాను.


వేదిక_నిర్వాహకులు
మంగళవారం, రాత్రి 9:15

సాంబ్రాణి మీద వచ్చిన మరికొన్ని జవాబులు "చంటిపిల్లల స్నానం" విభాగానికి తరలించాం. ఇక్కడ నిద్ర గురించే మాట్లాడుకుందాం.


ముందొచ్చిన_బాబు (గుంటూరు)
బుధవారం, ఉదయం 6:35

మా బాబు 34 వారాలకే పుట్టాడు. ఇప్పుడు వాడికి పుట్టినరోజు లెక్కలో ఐదు నెలలు, డాక్టరు లెక్కలో మూడున్నర. ఇంటికి పంపేటప్పుడు మూడు గంటలకోసారి లేపి పాలు పట్టమన్నారు, తర్వాత బరువు చూసి మానెయ్యమన్నారు. ఇది చదివి నేనూ పొద్దున ఏడింటికి లేపడం మొదలుపెట్టాలా?


నైట్‌డ్యూటీ_సిస్టర్
బుధవారం, ఉదయం 7:50

ఇప్పుడే వద్దు. నెల తక్కువ పిల్లలకి నిద్ర, పాకడం, కూర్చోవడం అన్నీ బిడ్డ పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేసుకోవాలి. మూడున్నర నెలలంటే గడియారం ఇప్పుడిప్పుడే కుదురుకునే సమయం. పొద్దున కిటికీ తెరవండి, రాత్రి పాలకి లేచినప్పుడు చిన్న లైటు వేసి మాటలు తగ్గించండి. అంతే.

అందరికీ ఒక మాట. మామూలుగా లేచే బిడ్డ ఒకరోజు లేపినా లేవకుండా వేలాడిపోతుంటే, పాలు పట్టకపోతే, ఒంటేలు బాగా తగ్గిపోతే అది నిద్ర సమస్య కాదు. ఆసుపత్రికి వెళ్ళండి. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా ఆగకూడదు.

చిన్నితల్లికి తొమ్మిది నెలలు నిండగానే ఎంఆర్ టీకా (తట్టు, రుబెల్లా రాకుండా వేసేది) ఉంటుంది. దానికి జ్వరం వస్తే అదే రోజు రానక్కర్లేదు, వారం పది రోజుల తర్వాత కూడా కొందరికి వస్తుంది. ఆ రోజుల్లో ఏ గడియారమూ వద్దు, పడుకోనివ్వండి.


డల్లాస్_పెద్దమ్మ
బుధవారం, రాత్రి 9:05

మాకు ఏడాదికి రెండుసార్లు గవర్నమెంటే పిల్లల్ని లేపుతుంది. మార్చిలో గడియారం గంట ముందుకి, నవంబరులో గంట వెనక్కి. ఆ వారానికి ముందు నుంచే రోజుకి పది నిమిషాలు జరుపుకుంటూ వచ్చేవాళ్ళం. పాలు, అన్నం, స్నానం అన్నీ కూడా జరపాలి, లేపడం ఒక్కటే కాదు. పొద్దున ఎనిమిదికి లేపి, ఉగ్గు మాత్రం తొమ్మిదిన్నరకి లేచేటప్పటిలాగే పదకొండున్నరకి పెడితే కుదరదు. పొట్టకి కూడా టైము తెలుస్తుంది.


చిన్నితల్లి_అమ్మ
తర్వాతి బుధవారం, రాత్రి 10:20

అప్‌డేట్ అడిగినవాళ్ళకి. పాప ఇప్పుడు ఎనిమిదింబావుకి, ఎనిమిదిన్నరకి లేస్తోంది. చాలాసార్లు కిటికీ తెరిచాక తనే కదులుతోంది. సాయంత్రం కునుకు నాలుగుకి మార్చాను, ఐదుకి లేపుతున్నాను. ఆ లేపడానికి మాత్రం రోజూ ఏడుపే. అత్తయ్యగారు ఆ టైముకి కావాలని గుడికి వెళ్ళిపోతున్నారు, చూడలేక. రాత్రి పదిన్నర అవుతోంది ఇంకా. ఊయల రాత్రి మానిపించాం, మధ్యాహ్నం ఉంది. మా ఆయన పదకొండుకి బయటికి వచ్చి పడుకున్న పాపని చూసి మొహం వేలాడేసుకుంటున్నారు. పొద్దున లాల పోసేది మాత్రం ఆయనే. బాత్రూం అంతా నీళ్ళు.

ఇప్పుడొక కొత్త గొడవ. శని, ఆదివారాలు కూడా లేపాలా? ఆ రెండు రోజులైనా పిల్లని వదిలెయ్యండి అంటున్నారు అత్తయ్యగారు. నిజం చెప్పాలంటే నాకూ పడుకోవాలని ఉంది.


మణికొండ_మమ్మీ
తర్వాతి బుధవారం, రాత్రి 10:34

శనివారం వదిలితే సోమవారం మీదే బాధ్యత.


వరంగల్_డాడీ
తర్వాతి బుధవారం, రాత్రి 10:50

అరగంట వదలండి, రెండు గంటలు కాదు. రెండు రోజులు పదింటిదాకా పడుకుంటే ఆదివారం రాత్రి పదకొండున్నర అవుతుంది, సోమవారం పొద్దున మళ్ళీ మొదటికొస్తారు. మీరు పడుకోవాలంటే వారానికి ఒక రోజు మీరు, ఒక రోజు ఆయన అని పంచుకోండి. పాపతో పాటు ఇద్దరూ లేవాలని రూలేం లేదు.


నిజామాబాద్_నిర్మల
తర్వాతి గురువారం, ఉదయం 6:15

శనివారం రాత్రి ఆయనకి డ్యూటీ ఉండదుగా. ఆ ఒక్క రాత్రి పాపని పదకొండు దాకా ఆడుకోనివ్వండి, ఆదివారం తొమ్మిదికి లేస్తే లేవనివ్వండి. సోమవారం కాస్త ఏడిస్తే ఏడుస్తుంది. వరంగల్ తమ్ముడు లెక్కలు వేస్తాడు, వెయ్యనివ్వండి.


చిన్నితల్లి_నాన్న
తర్వాతి గురువారం, రాత్రి 12:40

నా ఓటు నిర్మలక్కకి. మా ఆవిడ ఓటు వరంగల్ అన్నకి. మా అమ్మ ఎవరికీ వెయ్యలేదు, కానీ ఆదివారం కిటికీ తియ్యనని ఇప్పుడే చెప్పేసింది.